బతుకమ్మ చూపిన చెరువు

మన పెద్దలు సప్తసంతానములని యేడింటిని చెప్పిరి. కొడుకు, చెరువు, కావ్యము, నిక్షేపము, దేవాలయము, వనము, అగ్రహారము అను నీ యేడును మనుష్యుడు పోయిన పిమ్మట నతని పేరు నిలుపునవి. చిన్ననాట మా తండ్రిగారు నాకు పద్యములు చెప్పుచు నీ మాట వివరించినపుడు, బిడ్డతోను కావ్యముతోను సమానముగా చెరువు నేల లెక్కించిరో నాకు బోధపడలేదు. చెరువనగా నీరు నిలుచు పల్లము గదా, దానికింత గౌరవమా యనుకొంటిని. ముప్పది యేండ్లు దాటిన పిమ్మట, 2024వ సంవత్సరమున బతుకమ్మ పండుగకు ఓరుగల్లు సీమకు పోయి వచ్చినపుడు గాని యా మాట యర్థము నాకు తెలిసినది కాదు. ఆ ప్రయాణపు ముచ్చట మీతో చెప్పుకొనవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ప్రయాణమునకు ముందు మా యింటి సంగతి కొంత చెప్పవలెను. మాది బెజవాడ. మా వారు ఉపాధ్యాయులు. మేమున్న పేట బుడమేటికి దగ్గర. బుడమేరు మైలవరపు కొండలలో పుట్టి, బెజవాడ ప్రక్కగా పారి, కొల్లేటిలో కలియు వాగు. దానికి బెజవాడ దుఃఖదాయిని యని పేరు. పేరు వినియుంటిని గాని, పదునాలుగేండ్లుగా ఆ యూర కాపురముండి ఆ యేటి మొగమెన్నడును చూచి యెరుగను. 2024 సెప్టెంబరు 1వ తేదీన అదియే మమ్ము చూడవచ్చినది. తెల్లవారుజామున వాకిట చీలమండల లోతుండిన నీరు, వంట మొదలు పెట్టునప్పటికి నడుము లోతయ్యెను. బిడ్డలను చంకనెత్తుకొని పై యంతస్తులోని పొరుగువారి యింట మూడు దినములు తలదాచుకొంటిమి. నీరు తీసిన పిమ్మట ఇల్లు చూడగా బియ్యము, బట్టలు, మంచములు అన్నియు బురదపాలయి యుండెను. వానికై నేనంత చింతింపలేదు. మా తండ్రిగారు తమ చేతివ్రాతతో అంచులయందు అర్థములు వ్రాసి నాకిచ్చిన పోతనగారి భాగవతము తడిసి ముద్దయి పోయినది. అక్షరములు నీటిలో కరగి, పుటలొకదానికొకటి యతుకుకొని, విప్పబోయిన పొడి పొడి యయ్యెను. అప్పుడు నా కంట నీరు రాలేదు. ఏడ్చుటకు వ్యవధియు లేకుండెను.

మా ఆడబిడ్డ నిచ్చినది హనుమకొండలో. "వదినా, ఇల్లు ఆరేదాకా మీరంతా ఇక్కడికి రండి, బతుకమ్మ కూడా చూచినట్లుంటుంది" అని యామె పట్టుపట్టినది. దసరా సెలవులు దగ్గరపడుటచే మా వారును సరే యనిరి. అక్టోబరు 1వ తేదీన రైలెక్కితిమి.

ఆ దారిలో గార్ల స్టేషను దాటునపుడు మా వారు కిటికీనుండి చేయి చాచి, బయ్యారము చెరువు ఆ వైపుననే యున్నదని చెప్పిరి. కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ 13వ శతాబ్ది తొలినాళ్లలో త్రవ్వించినది ఆ చెరువు. దానికి ధర్మకీర్తి సముద్రమని పేరిడి, కట్టమీద శాసనము వేయించినది. కాకతీయుల వంశక్రమము తెలియుటకు చరిత్రకారులకు ఆ శాసనమొక ముఖ్యమైన యాధారమట. రాజులు వేయించిన శాసనములెన్నియో యుండగా, తాతముత్తాతల పేర్లు వరుసగా చెప్పిన పని యొక ఆడుపడుచు చెరువుకట్టమీద చేసినది! ఆ మాట నా మనస్సున నాటినది. ఆమె పుట్టినింటి పేరును నిలిపినది, పొలములకు నీరును ఇచ్చినది. సప్తసంతానములలో ఒకదానిని తన చేతిమీదుగా కనినది.

కేసముద్రము దాటి ఇంటికన్నె చేరులోపల బండి నెమ్మదిగా నడచెను. మా యిల్లు మునిగిన యా వానలలోనే యిక్కడ వరద వచ్చి, కట్ట క్రింది మట్టి కొట్టుకొనిపోయి, ఇనుప పట్టాలు గాలిలో వ్రేలాడినవి. వార్తలలో ఆ బొమ్మ చూచియుంటిమి. కొద్ది దినములలోనే కట్ట మరల పోసి బండ్లు నడిపిరి. క్రొత్తమట్టి యింకను ఎఱ్ఱగా కానవచ్చుచుండెను. నీరు రెండు చోట్లను ఒక్కటే మాట చెప్పినదని నాకు తోచెను గాని, ఆ మాట యేమో యప్పటికి తెలియలేదు.

మరునాడు మహాలయ అమావాస్య. బతుకమ్మ యానాటనుండి దుర్గాష్టమివరకు తొమ్మిది దినములు. మొదటినాడు ఎంగిలిపూల బతుకమ్మ, కడపటినాడు సద్దుల బతుకమ్మ. నడుమ అటుకులు, ముద్దపప్పు, నానబియ్యము, అట్లు మొదలగు నైవేద్యముల పేర్లతో దినములు నడచును. ఆరవనాడు అలిగిన బతుకమ్మ. ఆనాడు పూలు పేర్చరు. అలుక తీరుటకు ఆడువారికి ఒక దినము విడిచిన పండుగ మరియొకటి నే నెరుగను! తెలంగాణ రాష్ట్రమేర్పడిన 2014వ సంవత్సరముననే దీనిని రాష్ట్రపు పండుగగా ప్రకటించిరి.

సాయంకాలము ఆడబిడ్డతో వేయిస్తంభముల గుడికి పోయితిని. రుద్రదేవుడు 1163లో కట్టించిన త్రికూటాలయమది. నల్లరాతి స్తంభములు నున్నగా అద్దమువలె మెరయుచుండెను. అయితే నా కన్ను స్తంభములమీద నిలువలేదు. పట్టుచీరలు కట్టిన వృద్ధులు, పరికిణీలు వేసికొన్న పిల్లలు, చంకబిడ్డలతో వచ్చిన కోడండ్రు, వందలుగా తాంబాళములు నెత్తిన మోసికొని వచ్చి నడుమ దింపుచుండిరి. తాంబాళమున గుమ్మడాకులు పరచి, తంగేడు, గునుగు, బంతి, చామంతి, పోకబంతి, కట్లపూలు వరుసలుగా గోపురమువలె పేర్చి, కొనయందు గుమ్మడిపువ్వును, పసుపు గౌరమ్మను నిలుపుదురు. దేవతకు పూలు పెట్టుట మనమెరుగుదుము. ఇచ్చట పూలే దేవత.

రెండుదినములైన పిమ్మట ఆడబిడ్డ అత్తగారి పల్లెకు పోయితిమి. ఆ పెద్దామెను అందరును అత్తమ్మ యందురు. నేనును అట్లే పిలిచితిని. ఆమెకు చదువు రాదు. నేను వట్టిచేతులతో పోరాదని హనుమకొండ అంగటిలో ఆకుపచ్చ, ఊదా, గులాబి రంగుల పొట్లములు కొనుక్కొని పోయితిని. తెల్లని గునుగు పూలను రంగునీటిలో ముంచి పేర్చుట నగరమున చూచియుంటిని. అత్తమ్మ పొట్లములను త్రిప్పి త్రిప్పి చూచి, ప్రక్కన పెట్టి, నా మనస్సు నొచ్చుకొనకుండ మెల్లగా ననెను.

"మంచిగనే తెచ్చినవు బిడ్డా. గని ఈ రంగు రేపు చెరువుల కలుస్తది గద. గా నీళ్లే మన గొడ్లు తాగుతయి."

నా ముఖము చిన్నవోయెను. ఆ సంగతి నాకు తట్టనే లేదు. అంగటిలో అమ్మిన వస్తువు గదా, పండుగ వస్తువు గదా యని కొంటిని. ఆ యేడు అత్తమ్మ యింటి బతుకమ్మలో గునుగు తన తెలుపుతోను, కొనలయందలి లేత గులాబి చాయతోను ఉండెను. అంతకన్న అందమైన రంగు నా పొట్లములలో లేదు.

పూలకై మరునాడు ఉదయమున అందరమును చేలవెంట పోయితిమి. తంగేడు ఎవరును నీరు పోసి పెంచునది కాదు. రాతినేలలయందు, బాటల ప్రక్కలను, ఎండకోర్చి తానే పెరుగును. దాని బెరడు తోళ్లు పదునుపెట్టువారికి పనికి వచ్చును. ఇప్పుడది తెలంగాణకు రాష్ట్ర పుష్పము. గునుగు చేలలో మొలచు కలుపు. లేతనాట దాని యాకును కూర వండుకొందురు. ఈ రెండును వెల పెట్టి కొనవలసినవి కావు, గుడితోటలలో పెంచినవియు కావు. ఎవరికిని అక్కరలేని చోట్ల పూచిన పూలనే యీ పండుగ శిరస్సున పెట్టుకొన్నది. కాని యానాడు మేము మూడు పొలములు తిరిగినను గంప నిండలేదు. "గట్లు దున్నిరి, తంగేడు పాయె. కలుపుమందు కొట్టిరి, గునుగు పాయె" అని అత్తమ్మ నిట్టూర్చెను. నాలుగవ చేనిలో ఒక గట్టు వెడల్పుగా విడువబడి, పసుపుపచ్చని తంగేటి పొదలతో నిండియుండెను. అది యెవరిదని యడిగితిని. "మనదే" నని యామె నవ్వెను. కొడుకులు ఆ గట్టును కలిపి దున్నుదుమని ప్రతి సంవత్సరమును అడుగుదురట. బతుకమ్మ పోయినాక చూతమని ప్రతి సంవత్సరమును ఈమె చెప్పునట.

ఇక పాటల సంగతి. సాయంకాలము వాకిట బతుకమ్మలను నడుమ నుంచి, చుట్టును తిరుగుచు, వంగి లేచి చప్పట్లు చరచుచు పాడుదురు. ఒకతె చరణమెత్తుకొనును, తక్కినవారు అందుకొందురు. చరణము చివర ఉయ్యాలో యనియో చందమామ యనియో పల్లవి వచ్చును. సీతమ్మ కష్టములు, గౌరమ్మ పెండ్లి, పుట్టినింటికి పిలువవచ్చిన అన్న, నూర్గురు కొడుకులను పోగొట్టుకొన్న ధర్మాంగదుని యింట లక్ష్మి పుట్టి బతుకమ్మ యైన కథ, ఇవన్నియు ఆ పాటలలో నుండును. నేను మొదట దూరముగా కూర్చుండి గణములు లెక్కింపబోతిని. యతి యెక్కడ, ప్రాస యెక్కడ యని వెదకితిని. ఎనిమిదేండ్ల పిల్ల యొకతె వచ్చి నా చేయి పట్టి లాగెను. లోపలికి పోయిన పిమ్మట తెలిసినది. అడుగే గణము, చప్పటే యతి. అవి తప్పిన ప్రక్కదాని కాలు త్రొక్కుదుము. నేను త్రొక్కితిని కూడ.

ఏడవనాడు ఒక చిత్రము జరిగెను. పాట యెత్తుకొనుటకు వంతు నాకు వచ్చినది. నాకు వారి పాటలు రావు. నాకు వచ్చిన పద్యములు ఆ చప్పట్లకు నడువవు. సిగ్గుపడి నిలిచిపోతిని. అప్పుడు అత్తమ్మ, "పాట రాకుంటే నీ ముచ్చట చెప్పు బిడ్డా, మేము పాడుతం" అనెను. ఏమి చెప్పుదును? నాకున్న ముచ్చట యొక్కటే. బుడమేరు వచ్చిన తెల్లవారుజాము, పై యంతస్తులోని మూడు దినములు, తడిసిన భాగవతము, తండ్రిగారి చేతివ్రాత, ముక్కముక్కగా చెప్పితిని. అత్తమ్మ ఒక్క నిమిషము కన్నులు మూసికొని, ఎత్తుకొనెను. నా మాటలే చిన్న చిన్న చరణములై, చప్పట్లకు సరిగా, ఆమె నోట వెడలినవి. నలుబదిమంది అందుకొనిరి. పోతనగారి బమ్మెర యీ సీమలోనిదే యగుటచే, పుస్తకము పోయినను అది పుట్టినింటికే పోయినదని యామె పాట ముగించెను. సెప్టెంబరున రాని కన్నీరు నాకప్పుడు వచ్చినది. కావ్యమనగా వ్రాసి దాచునదియే యనుకొన్నదానను. వ్రాసి దాచినది నీటిపాలు కాగా, వ్రాయనిది నన్నోదార్చినది.

సద్దులనాడు పెరుగన్నము, పులిహోర, నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది, రొట్టె బెల్లము కలిపి చేసిన మలీద, సత్తుపిండి కట్టుకొని, బతుకమ్మల నెత్తుకొని చెరువుకు పోయితిమి. ఊరు ఊరంతయు కదలినది. ఆ యేటి వానలకు చెరువు నిండి, మత్తడి సన్నగా దుముకుచుండెను. నిండిన చెరువు తన మిగులు నీటిని విడుచు మార్గమును ఆ సీమలో మత్తడి యందురు, మన వైపు అలుగు అందురు. ఒక చెరువు మత్తడి దూకిన నీరు దిగువ చెరువుకు, అది నిండిన దాని దిగువకు. ఇట్లు గొలుసుకట్టుగా చెరువులు కట్టుట కాకతీయులనాటి యేర్పాటు. పాకాల, రామప్ప, లక్నవరము వంటి పెద్దచెరువులు ఆ కాలపువే. తరువాతి కాలమున పూడిక తీయు దిక్కులేక అనేకములు మెట్టపడినవి. 46,000కు పైగా చెరువులను బాగుచేయ సంకల్పించి 2015లో మిషన్ కాకతీయ యను పని మొదలుపెట్టిరి. ఆ యూరి చెరువు మట్టియు అప్పుడు తీసి చేలకు తోలుకొనిరని, ఆ రెండేండ్లు పత్తి బాగుగా పండినదని అత్తమ్మ చెప్పెను.

బతుకమ్మలను నీట విడిచిన పిమ్మట, అందరును సద్దులు పంచుకొనుచుండగా, ఆమె నన్ను మత్తడి యొద్దకు కొనిపోయి, నీరు పోవు పల్లమును చేతితో చూపెను. ఆ పల్లము పొడుగునను ఒక్క ఇల్లును లేదు. పశువులు మేయుచున్నవి.

"మత్తడి తొవ్వల ఇల్లు కట్టొద్దు బిడ్డా. నీళ్లకు దాని తొవ్వ ఎరుకే" అనెను.

కేసముద్రము వద్దను, మా పేటయందును నీరు చెప్పిన మాట ఇదియే గదా! ఈ పండుగ మర్మము నాకప్పుడు విశదమైనది. సంవత్సరమున కొకమారు ఊరిలోని ప్రతి స్త్రీయు చెరువు వద్దకు పోయి దాని మొగము చూచును. నీరెంత యున్నది, కట్ట యెక్కడ కరగినది, తూము పనిచేయుచున్నదా, మత్తడి దారి నెవరైన మూసిరా, అన్నియు కంటబడును. చెరువు లేనియెడల బతుకమ్మను సాగనంపుటకు చోటు లేదు. గట్లు లేనియెడల పేర్చుటకు పూలు లేవు. అధికారులు వచ్చి తనిఖీ చేసినను చేయకున్నను, ఆడువారు మాత్రము పాడుచు ఏటేట తనిఖీ చేయుచునే యున్నారు. మా పేటలో వేలమందిమి ఉంటిమి గాని, బుడమేటి మొగము చూచుటకు మాకొక పండుగ లేకపోయెను.

ఇచ్చట ఒక మాట దాచక చెప్పవలెను. బతుకమ్మ పూలు నీటిని శుద్ధి చేయునని చాలమంది యందురు. మా వారు విజ్ఞానశాస్త్రము చెప్పువారగుటచే ఆ మాట నంతగా నొప్పరు. పూలైనను ఆకులైనను నీటిలో క్రుళ్లినపుడు అందలి ప్రాణవాయువును హరించును, పెద్దచెరువునకు కొన్ని తాంబాళముల పూలు లెక్కలోనివి కావు గాని, చిన్నగుంటలో బండ్లకొలది వేసిన చేపలకు కీడే యని వారి వాదము. అత్తమ్మకు ఈ శాస్త్రము తెలియదు. అయినను మరునాటి ఉదయమున ముగ్గురు కోడండ్రను వెంటబెట్టుకొని చెరువుగట్టునకు పోయినది. నేనును పోయితిని. ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన పూలను గంపల కెత్తి ఎరువుగుంతలో వేసిరి. నీళ్లసీసాలు, అగరువత్తుల కాగితములు, ప్లాస్టిక్ సంచులు, ఎవరో తెచ్చిన థర్మకోలు పళ్లెములు రెండు గోనెసంచులు నిండినవి. ఆ పనికి పాట లేదు, పట్టుచీర లేదు. కాని అదియును పండుగలోని భాగమే యన్నట్లు వారు మాటలాడుకొనుచు చేసిరి.

బెజవాడకు తిరిగి వచ్చిన పిమ్మట, ఒక ఆదివారమునాడు మా పేటలోని అయిదారుగురు స్త్రీలము కలిసి బుడమేటి గట్టునకు పోయితిమి. నీరు సన్నగా, గుఱ్ఱపుడెక్క నడుమ దాగి పారుచుండెను. ఇదియా మన యిండ్లు ముంచినదని ఒకామె ఆశ్చర్యపడినది. ఎటునుండి వచ్చుచున్నది, ఎటు పోవుచున్నది, ఎక్కడ ఇరుకైనది, పిల్లలకు చూపితిమి. ఆ సంవత్సరపు పోలిపాడ్యమినాడు కాలువలో దీపములు విడుచుటకు అంగటిలో థర్మకోలు దొప్పలు అమ్మవచ్చినవి. మేము అరటిదొప్పలే తెచ్చుకొంటిమి. సూర్యోదయమైన పిమ్మట, రేవున చిక్కుకొన్న దొప్పలను మేమే తీసివైచితిమి. ఇది పెద్ద పని యని నేను చెప్పను. బుడమేటికి గట్లు వేయుట, దారి విడుచుట ప్రభుత్వము చేయవలసిన పని. కాని తన యూరి నీటి దారి నెరిగిన యిల్లాలు ఇల్లు కొనునపుడు ఒక ప్రశ్న యెక్కువ యడుగును. ఆ ప్రశ్న నేను పదునాలుగేండ్ల క్రిందట అడిగియుండిన, మా తండ్రిగారి చేతివ్రాత ఈనాటికిని నా యింట నుండెడిది.

మా వారు క్రొత్త భాగవతమొకటి కొని తెచ్చిరి. మధ్యాహ్నములయందు దాని యంచులలో తండ్రిగారి యర్థములు జ్ఞప్తికి వచ్చినంతవరకు వ్రాయుచున్నాను. చివరనున్న తెల్లకాగితముమీద అత్తమ్మ పాట వ్రాసికొంటిని. కొన్ని చరణములు మరచితిని. మరల పండుగకు పోయినపుడు అడిగి పూర్తిచేయవలెను.

సోదరీమణులారా! మన వైపున అట్లతద్దియు గొబ్బిళ్లును కార్తికదీపములును కలవు. అవియు నీటితోను పూలతోను ముడిపడినవే. ఈమారు దీపము విడుచుటకు పోయినపుడు, ఆ నీరు ఎచ్చటనుండి వచ్చి యెచ్చటికి పోవుచున్నదో మీ యూరి పెద్దముత్తైదువ నొకమారు అడిగి చూడుడు. ఆమెకు దానిమీద పాట వచ్చునేమో, అదియు వ్రాసికొనుడు.